నీడని పట్టి ఆపిన తాడు

"ఆ బల్ల మీద వద్దమ్మా, ఇటు రా, ఈ బల్ల మీద కూర్చో. ఇంకో ఏడు నిమిషాల్లో అక్కడికి ఎండ వచ్చేస్తుంది. ఇక్కడికి మాత్రం అయిదున్నర దాకా సూర్యుడు తొంగి కూడా చూడడు. నేను చెప్పానంటే చెప్పానంతే. ఇరవై రెండేళ్ళుగా నా పనే ఇది. నీడ ఎక్కడ పడుతుంది, ఎప్పుడు పడుతుంది, ఎంతసేపుంటుంది. ఈ ఊళ్ళో నీడలు నన్ను అడక్కుండా కదలవు, అర్థమైందా?"

ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి లేచి బాబాయ్ చూపించిన బల్ల మీద కూర్చుంది. సంచీ పెట్టడానికి చోటు లేక, టీ కొట్టు గుడ్డ పందిరి గుంజకి చుట్టి ఉన్న తాడుకి తగిలించింది. తాడు మణికట్టంత లావుంది. ఇంత చిన్న పందిరికి అంత లావు తాడేమిటా అని ఒకసారి చూసి ఊరుకుంది.

ఆమెది లిఫ్టులు అమ్మి, బాగుచేసే కంపెనీ. అందులో అమ్మేవాళ్ళకీ బాగుచేసేవాళ్ళకీ మాటల్లేవు. వచ్చే శుక్రవారం ఆ నలభై మందినీ ఆరుబయట ఎక్కడికైనా తీసుకెళ్ళి, ఆటలాడించి, కాస్త దగ్గర చెయ్యమని పై ఆఫీసరు ఈమెకి అప్పగించాడు. పోయినేడాది హోటల్ హాల్లో పెడితే ఒక గోడకి వీళ్ళు, ఎదురు గోడకి వాళ్ళు అతుక్కుపోయి, భోంచేసి వెళ్ళిపోయారు. ఈసారి కూడా అంతే అయితే బాగుచేసేవాళ్ళనీ, వాళ్ళతో పాటు ఈమెనీ ఊరి అవతలి కొసలో ఉన్న ఆఫీసుకి మార్చేస్తామన్నాడు. ఈమె పాప చదివే బడి ఈ వీధి చివరే. ఇప్పుడు ఆఫీసు నుంచి నడిచొచ్చి పాపని తీసుకెళ్తోంది. అటు మారితే పాప చీకటి పడేదాకా బడి మెట్ల మీద ఒక్కతే కూర్చోవాలి.

ఊళ్ళో ఆటలకి పనికొచ్చే ఖాళీ జాగాలన్నీ మైదానం బాబాయ్‌కి తెలుసనీ, ఈవెంట్ల కంపెనీలో ఆయన ఉద్యోగమే అదనీ, మంగళవారం సెలవు కాబట్టి ఆ రోజంతా ఈ టీ కొట్లోనే ఉంటాడనీ ఎవరో చెప్తే వచ్చింది.

"శుక్రవారం సాయంత్రానికి ఒక మంచి చోటు చెప్పండి బాబాయ్ గారూ, చాలు," అంది.

"చోటు చెప్పడానికేముందమ్మా, నాలుక చివరే ఉంది. కానీ చోటు ఎలా ఎంచాలో తెలియకుండా చోటు పేరు తెలిసి ఏం లాభం?"

"మొదలెట్టాడు," అన్నాడు పక్క కొట్టు దర్జీ, చొక్కాకి గుండీలు కుడుతూ. లెక్కల మాస్టారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. టీ కొట్టు అక్క గ్లాసులు కడుగుతూనే ఉంది.

"మొదలెట్టడం కాదురా, జరిగింది చెప్తున్నా. గొడుగుల కంపెనీ వాళ్ళ సంగతి విను తల్లీ, అచ్చం మీ గొడవే. అందులో గుడ్డ వాళ్ళు, కడ్డీ వాళ్ళు అని రెండు విభాగాలు. గుడ్డ చిరిగితే మీ కడ్డీ గుచ్చుకునే చిరిగిందని వీళ్ళు, కడ్డీ వంగితే మీ గుడ్డ బిగుతు వల్లే వంగిందని వాళ్ళు. ఉప్పూ నిప్పూ అనుకో. ఒకళ్ళు లిఫ్టెక్కితే ఇంకొకళ్ళు మెట్లెక్కేవాళ్ళు. వాళ్ళ పెద్దాయన మా కంపెనీకి వచ్చి, నాకింకెవరూ వద్దు, ఆయన్నే పిలవండి అన్నాడు. ఆయన్నే అంటే నన్నే. ఊళ్ళోనే ఉండాలి, ఆరుబయట ఉండాలి, బస్సు దిగితే అయిదు నిమిషాల్లో చేరాలి, దగ్గర్లో బాత్రూములుండాలి, సాయంత్రం నాలుగింటికి నీడుండాలి, రెండొందల మంది పట్టాలి, నెల రోజులు టైమిస్తాను అన్నాడు. నెలెందుకండీ, నాకు ఒక్క రోజు చాలు అన్నాను. అన్నానా? ఆ ఒక్క రోజే పదిహేడు చోట్లు నడిచి చూశాను."

"నడిచే?" అన్నాడు మాస్టారు.

"నడిచే మాస్టారూ. బస్సులో కూర్చుంటే నేల సంగతి ఎలా తెలుస్తుంది? నా పద్ధతి వేరు. ఇప్పటి కుర్రకారు ఫోన్లో ఫోటోలు చూసి చోట్లు ఎంచుతారు. నేను కూర్చుని ఎంచుతాను. తెల్ల ప్యాంటు వేసుకుని వెళ్ళి, నేల మీద పది నిమిషాలు కూర్చుంటాను. లేచి వెనక చూసుకుంటాను. తడి ఉందా, మన్ను అంటుతుందా, గడ్డి రంగు దిగుతుందా, పావురాల సంగతేంటి, అన్నీ ఆ ప్యాంటు మీదే రాసుంటాయి."

"ఆ ప్యాంట్లకి అతుకులు వేసీ వేసీ నా వేళ్ళు అరిగిపోయాయి," అన్నాడు దర్జీ.

"నీ కుట్టు గట్టిదైతే అతుకులెందుకురా? మధ్యలో మాట్లాడకు. ముందు ఆ పెద్ద షాపింగు భవనం డాబా చూశానమ్మా. పన్నెండో అంతస్తు. ఎవరు చూసినా అబ్బ, ఎంత బావుందో అంటారు. నేనేం చేశాను? జేబులోంచి చేతిరుమాలు తీసి వదిలాను. గాలి ఎంతుందో తెలియాలి కదా. పోయింది. కంటికి కనిపించకుండా పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా వారానికి అదే రుమాలు మా ఇంటి దండెం మీదికి వచ్చి పడింది. ఇస్త్రీ చేసి ఉంది."

"ఇస్త్రీ ఎవరు చేశారట?" అన్నాడు దర్జీ.

"గాలే. అంత వేడిగాలి. అలాంటి చోట మనుషుల్ని నిలబెడితే, సాయంత్రానికి మడతపెట్టి ఇంటికి తీసుకెళ్ళాలి. వద్దన్నాను. సరే, లైబ్రరీ ముందు రాళ్ళు పరిచిన ఖాళీ స్థలం ఉంది చూడు, అక్కడికి వెళ్ళాను. నేల చదును, బస్టాపు పక్కనే, ఏ వంకా లేదు. కానీ చుట్టూ ఎత్తు గోడలు. అనుమానం వచ్చి, ఎవరండీ అక్కడ అని ఒక్క కేక వేశాను. ఎంతసేపు చూసినా తిరిగి వినపడలేదు. పోన్లే అని వెళ్ళబోతుంటే వెనక నుంచి నా గొంతే, నేనేనండీ, చెప్పండి అంది! అరగంట మాట్లాడుకున్నాం. నాకంటే అదే మర్యాదగా మాట్లాడింది."

"అందులో అబద్ధం లేకపోవచ్చు," అన్నాడు మాస్టారు.

"నవ్వండి, నవ్వండి. ఆ తర్వాత నది ఒడ్డు మెట్ల దగ్గరికి వెళ్ళాను. చాలా బావుంది. అందుకే వద్దన్నాను."

"బావుంటే వద్దనడమేమిటండీ?" అంది అమ్మాయి.

"అదేనమ్మా తెలుసుకోవాల్సింది. చోటు మరీ బావుంటే మనుషులు చోటునే చూస్తారు. పక్కవాడి ముఖం చూడరు. ఫోటోలు దిగి ఇంటికి పోతారు. నీకు కావాల్సింది నదిని చూడ్డమా, పక్కవాణ్ణి చూడ్డమా?"

అమ్మాయి ఫోను తీసి ఆ మాట రాసుకుంది. అది చూసి బాబాయ్ ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు.

"అలా నలభై రెండు చోట్లు చూశాక..."

"పదిహేడన్నావోయ్ ఇందాక."

"పదిహేడు పొద్దున్న మాస్టారూ. భోజనం చేశాక చూసినవి కలపొద్దూ? అలా నలభై రెండు చూశాక చివరికి ఎక్కడికొచ్చి ఆగాను? ఇదుగో, ఈ ఎదురుగా ఉన్న పార్కు దగ్గరే. గుండ్రంగా గడ్డి, ఒక పక్క ఆ పెద్ద చెట్టు, మధ్యలో ఆ విగ్రహం. చూడగానే, ఇదే అన్నాను. అయినా నేను తొందరపడే రకం కాదు. వరసగా మూడు మంగళవారాలు వచ్చి అదే గడ్డిలో కూర్చున్నాను. మూడుసార్లూ ప్యాంటు మల్లెపువ్వులా బయటికొచ్చింది. చుక్క తడి లేదు."

"మంగళవారమే ఎందుకండీ?"

"నాకు సెలవు ఆ రోజే కదమ్మా. సెలవు రోజు కూడా పని చేసేవాణ్ణి నేను, రాసుకో అది కూడా."

టీ కొట్టు అక్క చేతిలో గ్లాసు ఆగింది. ఓసారి ఎదురుగా గడ్డి వైపు చూసి, మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"శుక్రవారం వచ్చింది. మూడింటికల్లా బస్సులు దిగాయి. గుడ్డ వాళ్ళు వందమంది ఆ పక్క, కడ్డీ వాళ్ళు వందమంది ఈ పక్క. మధ్యలో తాడు. ఓడల్ని కట్టేంత తాడు నేనే ఏరి కొనిపించాను. విజిల్ ఊదాను. లాగారు. పావుగంట లాగారు. తాడు వెంట్రుకంత కూడా జరగలేదు. అంత పంతం వాళ్ళకి. చెట్టు మీద పక్షులు ఎగరడం మానేసి చూస్తున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాస్టారూ, మీరు లెక్కలు చెప్పిన మనిషి, మీరే చెప్పండి. రెండు వైపుల నుంచీ సమానంగా లాగితే మధ్యలో ఏదో ఒకటి సాగాలా, వద్దా?"

"తాడు సాగాలి."

"అది నేను ఎంచిన తాడు, సాగదు. నేల సాగింది. నా కళ్ళతో చూశాను. రెండొందల అడుగుల పార్కు రెండొందల ముప్ఫై అడుగులైంది. కావాలంటే వెళ్ళి చూడండి, ఇద్దరు కూర్చునే బెంచీలన్నిటి మీదా ఇప్పుడు ముగ్గురు పడుతున్నారు."

"అది నిజమే," అన్నాడు దర్జీ. "కాకపోతే మూడోవాడు నిలబడి ఉంటాడు."

"ఒరేయ్, నీకు చెప్పట్లేదు నేను. అమ్మాయ్, నువ్వు విను. సరిగ్గా అప్పుడు గడియారం చూసుకున్నాను. నాలుగూ అయిదు. చెట్టు నీడ జరుగుతోంది! గుడ్డ వాళ్ళ మీద నుంచి జారి కడ్డీ వాళ్ళ మీదికి పోతోంది. వీళ్ళకి ఎండ, వాళ్ళకి నీడ. ఇంక చూస్కో, కావాలనే కడ్డీ వాళ్ళకి నీడ పెట్టారని గొడవ మొదలవుతుంది, అన్నేళ్ళూ సంపాదించుకున్న పేరు ఆ గడ్డిలో కలిసిపోతుంది. ఆ ఒక్క నిమిషం నిజంగా భయమేసిందమ్మా."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది. వెంటనే సర్దుకున్నాడు.

"కానీ భయపడి కూర్చుంటే నేనెందుకవుతాను? ఆపండి అన్నాను. తాడు ఆ చెట్టు మొదలుకి కట్టించాను. రెండు జట్లనీ విడదీసి కాదు, కలిపి, ఒకే పక్క నిలబెట్టాను. గుడ్డ మనిషి, కడ్డీ మనిషి, గుడ్డ మనిషి, కడ్డీ మనిషి. ఇప్పుడు లాగండి అన్నాను. రెండొందల మంది ఒక్క ఊపిరితో లాగారు. పార్కు తిరిగింది."

"ఏది?"

"పార్కు మాస్టారూ, పార్కు! గడ్డి, చెట్టు, విగ్రహం, బెంచీలు, బెంచీ మీద నిద్రపోతున్న ముసలాయన, అన్నీ కలిసి తిరిగాయి. గిర్రున కాదు, నెమ్మదిగా. సూర్యుడు అడుగు జరిగితే మేం అడుగు లాగాం. ఆయన ఇంకో అడుగు, మేం ఇంకో అడుగు. ఆరింటి దాకా నీడ ఉన్నచోట ఉన్నట్టే ఉంది. నమ్మకపోతే ఆ విగ్రహం చూడండి. అంతకు ముందు బస్టాపు వైపు చూస్తుండేది. ఇప్పుడెటు చూస్తోంది?"

అందరూ తలలు తిప్పారు. విగ్రహం టీ కొట్టు వైపే చూస్తోంది.

"అది మొదట్నుంచీ ఇటే చూస్తోందోయ్," అన్నాడు మాస్టారు.

"మొదట్నుంచీ అని మీకనిపిస్తోంది. అంత శుభ్రంగా తిప్పాం. ఎటు దిగాలో తెలియక సూర్యుడు అరగంట ఆగిపోయాడు. ఊరంతా అరగంట ఎక్కువ సాయంత్రం. ఇంక ఆ గుడ్డ వాళ్ళూ కడ్డీ వాళ్ళూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి ఏడుపు. నువ్వు లేకపోతే నేను లాగగలిగేవాణ్ణా అని వీడు, నువ్వే లాగావు నేను పట్టుకున్నానంతే అని వాడు. ఏడాది తిరక్కుండా రెండు విభాగాల మధ్య పదకొండు పెళ్ళిళ్ళయ్యాయి. పదకొండూ ఒకే గొడుగు కింద. ఆ గొడుగు మడవడానికి రెండు రోజులు పట్టింది."

"మరి ఆ తాడేమైందండీ?" అంది అమ్మాయి మెల్లగా.

"తాడా! అది అడుగు. ఇప్పుడు ఆ కంపెనీ హాల్లో అద్దాల పెట్టెలో ఉందమ్మా. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి పోతారు. శుక్రవారం నాలుగైందంటే దానంతటదే బిగుసుకుంటుందట. ఇప్పటికి మూడుసార్లు అద్దం మార్చారు. దానికి కాపలాగా ఉన్న మనిషి రోజుకో అంగుళం పొడుగవుతున్నాడట..."

అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎండ సరిగ్గా ఆమె కళ్ళలో పడుతోంది. టైము ఇంకా నాలుగున్నర కాలేదు. ముందు కూర్చున్న బల్ల మీద హాయిగా నీడుంది.

టీ కొట్టు అక్క చేతులు తుడుచుకుని వచ్చింది. "ఒక్క నిమిషం జరుగమ్మా," అని సంచీ తీసి ఆమె చేతికిచ్చి, గుంజకి చుట్టిన తాడు విప్పి, పందిరి అంచు కిందికి దించి, మళ్ళీ బిగించింది. ముఖం మీది ఎండ పోయింది. తాడు చివర అమ్మాయి ఒళ్ళో పడింది. కొత్త తాడులా బిరుసుగా ఉంది, ఒక్క పోగు కూడా లేవలేదు. చివర్న ప్లాస్టిక్ చీటీ ఒకటి గట్టిగా కుట్టేసి ఉంది. అమ్మాయి పైకి చదివింది.

"లాగుడు పోటీల తాడు. ముప్ఫై మీటర్లు. వాడే ముందు సీలు తీయవలెను."

సీలు అలాగే ఉంది.

"అన్నయ్యా," అంది అక్క, "అద్దాల పెట్టెలోంచి దీన్ని తెచ్చి నా పందిరికి కట్టిందెవరంటావు?"

బాబాయ్ ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

"నేను చెప్తా వినమ్మా," అంది అక్క అమ్మాయి వైపు తిరిగి. "ఆ గడ్డికి సోమవారం, బుధవారం, శుక్రవారం నీళ్ళు వదుల్తారు. మంగళవారం వదలరు. ఈయన మూడు మంగళవారాలు వచ్చి కూర్చుని, బ్రహ్మాండం అని రాసిచ్చాడు. శుక్రవారం వాళ్ళు వచ్చారు. రెండొందలూ కాదు, వందా కాదు, అరవై మంది. తాడింకా కట్ట విప్పలేదు, నాలుగైంది, నేలలోంచి పైపులు లేచి నలువైపులా చిమ్మడం మొదలెట్టాయి. గొడుగుల కంపెనీ వాళ్ళు తల్లీ! ఒక్కళ్ళ దగ్గర గొడుగు లేదు."

మాస్టారు నోటికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"అందరూ తడిసి ముద్దయి, ఇక్కడికి పరిగెత్తుకొచ్చారు. బస్సు ఆరింటికి గానీ రాదు. టీ కావాలన్నారు. నా దగ్గర గ్లాసులు ముప్ఫై. ఒకళ్ళు తాగి, కడిగి ఇస్తే గానీ ఇంకొకళ్ళకి లేదు. మొదట మొహాలు చూసుకోలేదు. తర్వాత, మీరు తాగండి, కాదు మీరు తాగండి అనడం మొదలైంది. అందరూ పందిరి కిందకి దూరేసరికి అది కాస్తా చిరిగి, ఒక పక్క కూలిపోయింది. వాళ్ళకి నామోషీ వేసింది. గుడ్డ వాళ్ళు ఈ దర్జీని సూదులడిగి కుట్టడానికి కూర్చున్నారు. కడ్డీ వాళ్ళు గుంజలు సరిచేశారు. అంత బిగుతొద్దు, గుంజ వంగుతుంది అని వీళ్ళు చెప్తే వాళ్ళు కుట్టు విప్పి మళ్ళీ వేశారు. ఆరింటికి బస్సొచ్చింది. పని అవలేదని దాన్ని అరగంట ఆపారు. చివర్లో కట్టడానికి తాడు లేకపోతే, ఇదెలాగూ వాడలేదు కదా అని ఇచ్చేసి వెళ్ళారు. నాలుగేళ్ళయింది. ఎంత గాలికీ కదల్లేదు."

"మరి బాబాయ్ గారు అప్పుడేం చేస్తున్నారు?"

"నా కొట్లో ఉన్నాడు," అన్నాడు దర్జీ. "పరదా వెనక. తువ్వాలు కట్టుకుని. తెల్ల ప్యాంటు ఆరేదాకా బయటికి రాలేదు."

మాస్టారు ఇంక ఆపుకోలేక బల్ల చరిచి నవ్వాడు. అక్క కూడా నవ్వింది. బాబాయ్ గ్లాసు అడుగుకేసి చూస్తూ, "ఉద్యోగం పోయిందనే అనుకున్నానమ్మా ఆ రోజు," అన్నాడు.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. తలెత్తి పందిరి కుట్లు చూసింది. దగ్గర దగ్గరగా, ఒకే చేతితో వేసినట్టున్నాయి. గుంజలు చూసింది. ఎదురుగా పార్కు చూసింది. ఒళ్ళో ఉన్న తాడు చివర వేళ్ళతో తిప్పింది.

"బాబాయ్ గారూ, శుక్రవారం నీళ్ళు ఇప్పటికీ నాలుగింటికేనా?"

"నాలుగింటికేనమ్మా," అన్నాడాయన. అడిగినదానికి ఆయన సాగదీయకుండా జవాబు చెప్పడం ఇదే మొదటిసారి.

"ఏ మూల నిలబడితే బాగా తడుస్తారు?"

బాబాయ్ ఆమె వంక తేరిపారా చూశాడు. "విగ్రహం వెనక. అక్కడ రెండు పైపులు కలుస్తాయి. పరిగెత్తడానికి ఈ గేటు ఒక్కటే దగ్గర."

"అక్కా, మీ దగ్గర గ్లాసులెన్ని ఉన్నాయి?"

"ఇప్పుడు అరవై ఉన్నాయమ్మా. ఆ రోజు అవస్థ చూశాక ఇంకో ముప్ఫై కొన్నాను."

"మేం నలభై మందిమి. శుక్రవారం ఇరవై బయట పెట్టండి. మిగతావి దాచెయ్యండి."

అక్కకి అర్థమైంది. మొహం వెలిగిపోయింది. "అలాగే తల్లీ. ఈ తాడు కూడా కాస్త వదులు చేసి పెట్టనా?"

"పెట్టండక్కా."

వీధి చివర బడి గంట మోగింది. అమ్మాయి సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. వచ్చినప్పటి దిగులు ఆమె మొహంలో లేదు.

బాబాయ్ గబుక్కున లేచి నిలబడ్డాడు. "చూశారా మాస్టారూ! నేను ఊరికే మూడు మంగళవారాలు కూర్చున్నాననుకున్నారా? శుక్రవారం నీళ్ళొస్తాయని నాకు తెలియదా? తెలిసే పెట్టించాను! ఆ నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో తెలుసా? మేఘాలు కింద నుంచి తడిసిపోయి..."

"శుక్రవారం కాస్త ముందే వచ్చెయ్ బాబాయ్," అన్నాడు దర్జీ దారం కొరుకుతూ. "తువ్వాలు ఉతికి పెడతా."